పది అంకెలు

బల్గేరియా కాన్సులేటుకి ఎదురు వరసలో
నా జిరాక్సు కొట్టు.
బుర్సాలో వాన పట్టిందంటే
క్యూ మొత్తం నా చూరు కిందికొస్తుంది,
తడిసిన ఫైళ్లు, తడిసిన ఇంటిపేర్లు.

షెఫికా గారు వచ్చింది మంగళవారం.
గుమ్మంలో బూట్లు విడవబోతే వద్దన్నాను.
"పాస్‌పోర్టుకి పది అంకెలు కావాలట నాయనా,
అక్కడున్నప్పుడు ఇచ్చినవి.
నా దగ్గర లేవు."

పద్దెనిమిదేళ్లుగా నాది ఇదే పని.
మొదటి ఆరూ తేలిక: పుట్టిన ఏడు, నెల, రోజు.
తొమ్మిదోది ఆడవాళ్లకి బేసి.
పదోది కాపలావాడు,
ముందున్న తొమ్మిదీ నిజం చెబుతున్నాయో లేదో చూస్తాడు.
ఏడూ ఎనిమిదీ దగ్గరే
మనుషులు తప్పిపోతుంటారు.

జీతం పుస్తకం?
"కాల్చేశా."
బ్యాంకు పుస్తకం?
"అదీ."
పెళ్లి కాగితం?
ఆవిడ నవ్వింది.
"ఎనభై తొమ్మిది ఆగస్టు, సరిహద్దు దాటాక గుడారాల్లో
అన్నీ ఒకే పొయ్యిలో పెట్టి
టీ కాచుకున్నాం. బాగా మరిగింది."

ఎందుకని అడగలేదు.
మా ఇంట్లోనూ ఆ కథ ఉంది.
చలికాలంలో ఊరి చుట్టూ ట్రక్కులు ఆగాయట,
తెల్లారేసరికి అందరికీ కొత్త పేర్లు.
రుస్తెంగా పడుకున్న మా నాన్న
రుమెన్‌గా పాలు పితకడానికి వెళ్లాడు.
ఆవుకి మాత్రం పాత పేరే.

"వీసా అయితే వారంలో వస్తుంది కదమ్మా?"
"వీసా మీద చుట్టంలా వెళ్లొచ్చు.
మా చెల్లెలు రెమ్జియే మంచం పట్టింది.
దాని గుమ్మంలో నేను చుట్టాన్నా?
కపికులే దగ్గర ఏ వరసలోంచి గెంటారో
ఆ వరసలోనే నిలబడి లోపలికెళ్తా."

అప్పుడు అడగక తప్పింది కాదు:
"ఆ రోజుల్లో మీకు పెట్టిన పేరు?
వాళ్ల రికార్డులో వెతకాలంటే..."
ఆవిడ మెషిను మీది పచ్చదీపం కేసి చూసింది.
గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం బిస్కెట్ డబ్బాతో వచ్చింది.
గుండీలు, దారపుండలు,
పొగాకు ఆకులు గుచ్చే చదునైన దబ్బనం,
అడుగున కొడుకు టీకాల కార్డు.
పొయ్యికి అందనిది అదొక్కటే.
పిల్లాడికి మళ్లీ సూది పొడుస్తారని దాచిందట.

తల్లి పేరున్న చోట
కాగితం చిరిగేదాకా పెన్నుతో గీకేసి ఉంది.
పక్కనే, ఒక్క గీతైనా తగలకుండా,
పది అంకెలు.

"వీటినెందుకు వదిలేశారు?"
"అవి నన్నేం చేశాయి?
మొదటి ఆరూ మా అమ్మ నొప్పులు పడ్డ రోజు."

హెచ్చవేశాను, కూడాను, పదకొండుతో భాగించాను.
శేషం సరిపోయింది.
ఇంకోసారి చేశాను, ఊరికే,
సరిపోవడం చూడ్డం బావుండి.

ఫారంలో ఒక గడి మిగిలింది:
గతంలో వాడిన ఇతర పేర్లు.
"వాడిన" అనే మాట దగ్గర ఆవిడ వేలు ఆగింది.
"కోటా ఇది? వాడటానికి?"
నేను రాయనా అన్నాను.
"కొట్టేసింది నా చెయ్యే, అదే రాస్తుంది."

స్నెజానా. మంచుపిల్ల అని అర్థం.
గుండ్రటి బడి అక్షరాలు,
ఒక్కొక్కటీ పొగాకు ఆకు పరిచినట్టు పరిచింది.
"దస్తూరీ ఇంకా బానే ఉంది,"
అని చిరాకు పడింది.

టీకాల కార్డుకి కాపీ తీశాను.
"ఇంకోటి తియ్యి. నాకు."
ఈసారి గాజు పలక మీద
గీకేసిన పేరుని బొటనవేలితో మూసి పట్టుకుంది.
వెలుగు ఆ వేలి కింద నుంచి నడిచి వెళ్లింది.
వెచ్చటి కాగితం మీద పది అంకెలూ,
వాటి పక్కన మడతలు మడతలుగా
ఒక బొటనవేలు.

రెండోదానికి డబ్బులొద్దన్నాను. వినలేదు.
డబ్బాలోంచి చిల్లర తీసి బల్ల మీద పోసి
వాన తగ్గకముందే వెళ్లిపోయింది.

సాయంత్రం లెక్క చూసుకుంటే
నాణేల్లో ఒకటి గుండీ.
నాలుగు చిల్లులది, ఎర్రటిది.
గల్లాపెట్టెలో వేరే అరలో పెట్టాను,
వచ్చే గురువారం దాకా.